గుండ్లకమ్మ వెంట సముద్రం దాకా



పాణ్యం ఆడమనిషి ఊరు దాటలేదని ఎవరూ అనలేరు. చాలాసార్లు దాటింది. పెళ్లయి అత్తగారింటికి పోయింది. కాన్పుకు పుట్టింటికి పోయింది. బిడ్డకు జ్వరమొస్తే నంద్యాల ఆసుపత్రికి పరుగెత్తింది. శివరాత్రికి మహానంది పోయింది. కరువొస్తే కూలికి పోయింది.

కర్నూలు పడమటి పల్లెల నుంచి ఏటా ఎందరో ఆడవాళ్లు మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు పోతారు. బియ్యం మూట, వంట గిన్నెలు, చంటిబిడ్డ, అన్నీ మోసుకుని పోతారు. రాత్రిపూట బండి ఎక్కుతారు. తెల్లారేసరికి మిరప చేలో దిగుతారు. నడుమ నల్లమల కొండలు దాటిన సంగతి చాలామందికి తెలియనే తెలియదు. ఒళ్లు అలిసి, కళ్లు మూతలు పడి ఉంటాయి.

అంటే ఆడమనిషి తిరిగింది. కానీ చూడలేదు.

చూడడానికే ఒకసారి పోతే ఎట్లుంటుంది? కొండ చూడడానికి, చెరువు చూడడానికి, సముద్రం చూడడానికి? ఈ మాట అనగానే ఇంట్లో లేచే ప్రశ్నలు తెలిసినవే.

"ఈ ఎండలకు యాడికి పోతావే? పనేం లేదా?" అంటుంది అత్త.

"సముద్రంలో ఏముంది? నీళ్లే కదా!" అంటాడు మగడు.

"పనికి పోయినప్పుడు ఎండ అడ్డం రాలేదు కదా అత్తా!" అని కోడలు నవ్వుతూ అంటే జవాబుండదు. మగవాళ్లు నలుగురు కలిసి జీపు మాట్లాడుకుని పోతే ఈ ప్రశ్నలు ఎవరూ అడగరు. ఆడవాళ్లు పోతేనే అడుగుతారు. వేసవిలో చేలో పని తక్కువ. పిల్లలకు బడి సెలవులు. ఊరు చూడాలంటే ఇదే అదను.

పాణ్యం నుంచి సముద్రానికి ఒక మంచి దారి ఉంది. పాణ్యం, నంద్యాల, గిద్దలూరు, కంభం, మార్కాపురం, పొదిలి, ఒంగోలు, కొత్తపట్నం. అటూ ఇటూగా 250 కిలోమీటర్లు. ఒక్క రోజులో పోయి రావడం కష్టం. రెండు రోజులు పెట్టుకుంటే తీరిగ్గా చూడొచ్చు. ఈ దారిలో మైదానం ఉంది, అడవి ఉంది, కొండ ఉంది, చెరువు ఉంది, మెట్ట చేలున్నాయి, చివరికి సముద్రం ఉంది.

ఖర్చు సంగతి ముందు చెప్పుకోవాలి. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్లకు పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో చార్జీ లేదు. ఈ పథకం పేరు స్త్రీ శక్తి. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపించాలి. కండక్టరు సున్నా టికెట్ ఇస్తాడు. డబ్బులు లేవు కదా అని టికెట్ వదిలేయకూడదు, అడిగి తీసుకోవాలి. సూపర్ లగ్జరీ బస్సు ఎక్కితే మాత్రం డబ్బులు కట్టాల్సిందే. ఏ బస్సు ఏదో బస్సు మీదే రాసి ఉంటుంది. చదువు రాని రోజుల్లో పక్కవాళ్లను అడగాల్సి వచ్చేది. అడిగితే ఒకరు ఇటు చూపేవారు, ఒకరు అటు చూపేవారు. ఇప్పుడు బోర్డు చూస్తే చాలు.

ఇక తిండికి, పడకకు, ఆటోలకు డబ్బు కావాలి. సంఘంలో పదిమంది నెలకు 50 రూపాయలు విడిగా దాచుకుంటే నెలకు 500 అవుతుంది. పది నెలలకు 5000. సద్ది ఇంటి నుంచే కట్టుకుపోవచ్చు. జొన్న రొట్టెలు, శెనక్కాయల పొడి, బొరుగులు రెండు రోజులున్నా చెడిపోవు. పెరుగన్నం మాత్రం ఎండకు మధ్యాహ్నానికే పులుస్తుంది. నంద్యాల ఎండ సంగతి చెప్పే పని లేదు. 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. అందుకే తెల్లవారుజామున బయలుదేరాలి. మజ్జిగ, ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు వెంట ఉండాలి.

పాణ్యం 40వ నంబరు జాతీయ రహదారి మీద ఉంది. ఈ రోడ్డు కర్నూలు నుంచి వచ్చి నంద్యాల, ఆళ్లగడ్డ, కడప మీదుగా తమిళనాడు దాకా పోతుంది. రోడ్డు పక్కన రాళ్లు నాటి ఉంటాయి. తలకాయ పసుపు రంగులో ఉంటే అది జాతీయ రహదారి. ఆకుపచ్చ రంగుంటే రాష్ట్ర రహదారి. కింద ఊరి పేరు, దాని పక్కన అంకె ఉంటాయి. ఆ అంకె ఎన్ని కిలోమీటర్లు ఉందో చెబుతుంది. కిటికీ పక్కన కూర్చున్న ఆమె ఒక్కో రాయినీ చదువుతూ పోతే అంకె తగ్గుతూ వస్తుంది. ఊరు దగ్గరపడుతోందని డ్రైవరుకు తెలిసినట్టే ఆమెకూ తెలుస్తుంది.

పాణ్యానికి పడమట ఎర్రమల కొండలు. తూర్పున దూరంగా నల్లమల. నడుమ నల్లరేగడి నేల. ఇక్కడ కురిసిన వాన కుందూలో చేరుతుంది. కుందూ పోయి పెన్నలో కలుస్తుంది. పెన్న నెల్లూరు దాటి సముద్రంలో పడుతుంది. అంటే పాణ్యం వాన నీరు ఎప్పటి నుంచో సముద్రానికి పోతూనే ఉంది. ఆడవాళ్లే పోలేదు.

నంద్యాల దగ్గర కె.సి. కాలువ కనబడుతుంది. కర్నూలు–కడప కాలువ అన్నమాట. 1860ల్లో తెల్లదొరల కంపెనీ ఒకటి తవ్వించింది. పొలాలకు నీళ్లు పారించడానికే కాదు, పడవలు నడపడానికి కూడా తవ్వారు. ఈ రోజున అక్కడ పడవ అంటే పిల్లలు నవ్వుతారు. 2020లో ప్రపంచంలోని పాత నీటి కట్టడాలను గుర్తించే అంతర్జాతీయ సంస్థ ఈ కాలువకు గౌరవం ఇచ్చింది. అదే ఏడాది కంభం చెరువుకూ ఇచ్చింది. ఆ చెరువు దారిలోనే వస్తుంది.

నంద్యాలలో బస్సు మారాలి. గిద్దలూరు అని బోర్డున్న బస్సు ఎక్కాలి. గాజులపల్లె దాటితే నేల తీరు మారుతుంది. వరి పొలాలు, అరటి తోటలు వెనకబడతాయి. చెట్లు రెండు పక్కలా దగ్గరకు జరుగుతాయి. రోడ్డు వంకరలు తిరుగుతుంది. అదే నల్లమల.

వేసవిలో నల్లమల పచ్చగా ఉంటుందని అనుకుంటే పొరపాటు. చాలా చెట్లు ఆకు రాల్చేసి ఉంటాయి. టేకు ఆకులు ఎండి చప్పుడు చేస్తుంటాయి. కానీ ఆకు రాలినందుకే కొండ లోపలి దాకా చూపు ఆనుతుంది. బండలు, వాగుల బాటలు, వెదురు పొదలు అన్నీ కనబడతాయి. వానాకాలంలో అయితే పచ్చటి గోడ తప్ప ఏమీ కనబడదు. కొందరికి వానాకాలం నల్లమలే ఇష్టం. అడవి ఎముకలు చూడాలంటే మాత్రం వేసవిలోనే పోవాలి.

ఈ అడవి చెంచుల ఇల్లు. చెంచులక్ష్మిని పెండ్లాడిన నరసింహస్వామి కథ ఆళ్లగడ్డ వైపు అందరికీ తెలుసు. అహోబిలం స్వామి కూడా సంక్రాంతి పండుగ తర్వాత పారువేట పేరుతో పల్లకిలో ఊరూరా తిరుగుతాడు. దేవుడే ఇల్లు కదిలి ఊళ్లు చూస్తాడు. ఆడవాళ్లు కదిలితే తప్పేమిటో! వేసవిలో తునికాకు కోసే పని ఉంటుంది. బీడీలు చుట్టే ఆకు అదే. ఇప్పపూలు, మొర్రిపండ్లు ఏరే కాలం కూడా ఇదే. అడవిలో దొరికే వేళ్లతోనే నన్నారి షర్బత్తు చేస్తారు. నంద్యాల బజారులో గ్లాసు తాగే మనిషికి ఆ వేరు తవ్విన చేయి కనబడదు. తవ్విన వాళ్లకు దక్కేది తక్కువ, సీసా అమ్మిన వాళ్లకు దక్కేది ఎక్కువ.

ఈ కొండల్లోనే 1880ల్లో మీటరుగేజి రైలు పట్టాలు వేశారు. దొరబావి దగ్గర లోయ మీద ఎత్తయిన వంతెన కట్టారు. తర్వాత పెద్ద లైను వేసినప్పుడు దారి మార్చారు. పాత వంతెన వాడకం పోయింది. రైలు మీద పోవాలనుకునే వాళ్లకు ఈ కొండల్లో సొరంగం కూడా వస్తుంది. పిల్లలు ఈల వేస్తారు.

ఒక జాగ్రత్త. ఇది పులులు, చిరుతలు తిరిగే చోటు. 2024 జూన్‌లో పచ్చర్ల దగ్గర అడవిలోకి పోయిన ఒకామె చిరుత దాడిలో చనిపోయింది. బండి ఆపి ఫొటోలకని చెట్లలోకి పోకూడదు. కోతులకు తిండి విసరకూడదు. విసిరితే అవి రోడ్డు మీదికొచ్చి చక్రాల కింద పడతాయి. అటవీశాఖ బోర్డులు తెలుగులోనే ఉంటాయి. చదవాలి.

ఈ నల్లమలలోనే గుండ్ల బ్రహ్మేశ్వరం ఉంది. అక్కడ పుట్టిన ఏరే గుండ్లకమ్మ. ఆడపేరున్న నది. పుట్టినింట చిన్న వాగు. కొండ దిగి తూర్పుకు పోతుంది. పాణ్యం ఆడవాళ్లు కూడా అటే పోతున్నారు. దారిలో ఎన్నిసార్లు కలుస్తుందో చూడాలి.

కొండ దిగితే గిద్దలూరు. తర్వాత కంభం. ఒకప్పుడు గిద్దలూరు, కంభం, మార్కాపురం అన్నీ కర్నూలు జిల్లా ఊళ్లే. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అందులో కలిపారు. తర్వాత ఆ జిల్లాకు టంగుటూరి ప్రకాశం పేరు పెట్టారు. పటంలో గీత మారింది కానీ చుట్టరికాలు మారలేదు. నంద్యాల, పాణ్యం వైపు నుంచి అక్కడికి ఇచ్చిన ఆడపిల్లలున్నారు. అక్కడి నుంచి తెచ్చుకున్న కోడళ్లున్నారు. దారిలో ఎవరింటో ఒక పూట భోజనం దొరికినా దొరుకుతుంది.

కంభం చెరువు చూడకుండా పోకూడదు. రెండు కొండల సందులోంచి గుండ్లకమ్మ పోతుంటే, ఆ సందుకు కట్ట వేసి ఆపారు. అంతే ఉపాయం. కొండలే గోడలు. సందు ఒక్కటి మూస్తే చాలు. పొడవు సుమారు 7 కిలోమీటర్లు. విజయనగర రాజుల కాలంలో, అంటే 500 ఏళ్ల కిందటి మాట. సిమెంటు లేదు, యంత్రాలు లేవు. మట్టి, రాయి, మనిషి బలం. వరదరాజమ్మ అనే రాణి కట్టించిందని జనం చెప్పుకుంటారు. ఆమె శ్రీకృష్ణదేవరాయల భార్య అని, ఒడిశా గజపతి రాజు కూతురని, మగడు పట్టించుకోకపోతే ఇక్కడికొచ్చి ఉండిపోయిందని కథ. బాధపడి కూర్చోకుండా ఊరికి నీళ్లు తెచ్చిందట.

కట్ట మీద నిలబడితే ఒక పక్క నీళ్లు, ఒక పక్క పొలాలు. వేసవిలో నీళ్లు లోపలికి జరిగిపోతాయి. పగిలిన బురద మీద గొర్రెలు, బర్రెలు తిరుగుతుంటాయి. వానలు సరిగా లేని ఏడాది చూసేందుకేమీ మిగలదు. అప్పుడు కూడా కట్టను చూడాలి. ఆ మట్టిని తట్టలతో ఎవరు మోశారు? మగవాళ్లు తవ్వితే ఆడవాళ్లే మోసి ఉంటారు. ఇప్పటికీ కూలి పనుల్లో తట్ట ఆడవాళ్ల నెత్తి మీదే ఉంటుంది. రాణి పేరు మిగిలింది. తట్టలు మోసిన వాళ్ల పేర్లు ఒక్కటీ మిగలలేదు. వాళ్లకు రాయడం రాదు. వచ్చిన వాళ్లు వాళ్ల గురించి రాయలేదు.

కంభం తర్వాత మార్కాపురం. ఈ ఊరి పేరు తెలియని వాళ్లకు కూడా ఈ ఊరి వస్తువు తెలుసు. అది పలక.

ఈ పాఠం చదివే అక్కల్లో చాలామంది తొలిసారి అ, ఆ దిద్దింది పలక మీదే. ఆ నల్లరాయి మార్కాపురం చుట్టుపక్కల గనుల నుంచి వస్తుంది. పలకరాయి పొరలు పొరలుగా ఉంటుంది. ఉలి పెట్టి కొడితే రొట్టెలు విడిపోయినట్టు పలచటి బిళ్లలుగా ఊడి వస్తుంది. దాన్ని కొలతకు కోస్తారు. నున్నగా రుద్దుతారు. చుట్టూ కొయ్య చట్రం బిగిస్తారు. పూర్వం ఈ పలకలు దేశమంతా పోయేవి. విదేశాలకూ పోయేవి. నోటు పుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చాక గిరాకీ తగ్గింది. ఇళ్ల గోడలకు అతికించే బిళ్లలు కూడా ఆ రాయితో చేస్తున్నారు.

బేతంచెర్ల నాపరాళ్ల పని తెలిసిన పాణ్యం వైపు వాళ్లకు రాతి దుమ్ము గురించి చెప్పే పని లేదు. పలకరాతి దుమ్ము ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు గట్టిపడతాయి. దగ్గు, ఆయాసం వస్తాయి. సిలికోసిస్ అనే ఆ జబ్బుకు పూర్తిగా నయం చేసే మందు లేదు. దుమ్ము లేవకుండా నీళ్లు చల్లుతూ కోయడం, ముక్కుకు సరైన ముసుగు కట్టుకోవడం తప్ప దారి లేదు. పలకకు చట్రం బిగించిన ఆడవాళ్లందరికీ ఆ పలక మీద రాసే అదృష్టం దొరకలేదు. మార్కాపురంలో ఒక పలక కొని ఇంటికి తెచ్చుకుంటే, బజారు నుంచి బొమ్మ తెచ్చినదానికంటే మేలు.

మార్కాపురం, పొదిలి వైపు నేల ఎండిన నేల. దూరం దూరంగా చెట్లు, రాళ్ల గుట్టలు, బీళ్లు. వేసవిలో ట్యాంకరు దగ్గర బిందెల వరస కిటికీలోంచి కనబడుతుంది. ఆ వరసలో ఉండేది ఆడవాళ్లే. ఇక్కడ బస్సు, నది విడిపోతాయి. గుండ్లకమ్మ వినుకొండ, అద్దంకి వైపు చుట్టు తిరిగి పోతుంది. బస్సు పొదిలి మీదుగా అడ్డదారిన పోతుంది. ఒంగోలు వైపు మళ్లీ దగ్గరవుతాయి.

చీమకుర్తి దగ్గర మళ్లీ రాయి. నల్లటి రాతిలో బంగారు చుక్కలు మెరుస్తాయి. గెలాక్సీ గ్రానైట్ అంటారు. చుక్కల ఆకాశం అని అర్థం చెప్పుకోవచ్చు. ఎక్కడెక్కడి దేశాల్లోనో పెద్ద భవనాలకు ఈ రాయి వేస్తారు. తవ్విన గోతులు చూస్తే కళ్లు తిరుగుతాయి.

ఒంగోలు అంటే గిత్తలు. తెల్లటి ఒళ్లు, ఎత్తయిన మూపురం. నంది పేరు మోసిన నంద్యాల నుంచి బయలుదేరి గిత్తల ఊరు చేరడం తమాషాగానే ఉంది. ఈ జాతి పశువులను ఓడల్లో బ్రెజిల్ దేశానికి తీసుకుపోయారు. అక్కడ వాటిని నెలోర్ అంటారు. నెల్లూరు పేరే అది. ఇప్పుడు ఆ దేశంలో ఆ జాతి పశువులు కోట్లలో ఉన్నాయి.

రాత్రికి ఒంగోలులో ఆగి, తెల్లారి కొత్తపట్నం పోవడం మేలు. గది తీసుకునేటప్పుడు రిజిస్టరులో పేరు, ఊరు రాయమంటారు. అక్కడ వేలిముద్ర అక్కర్లేదు. గదికి గడియ సరిగా పడుతోందా అని ముందే చూసుకోవాలి. 112 నంబరు ఏ ఆపదకైనా, 181 ఆడవాళ్ల సహాయానికి, 108 అంబులెన్సుకు. ఈ మూడు నంబర్లు ఫోనులోనే కాదు, కాగితం మీద కూడా రాసి రవిక సంచిలో పెట్టుకోవాలి. ఫోను చార్జింగు అయిపోతుంది. కాగితం అయిపోదు.

ఇక సముద్రం.

ముందు వాసన వస్తుంది. తర్వాత చప్పుడు వస్తుంది. ఆ తర్వాతే కనబడుతుంది. అవతలి ఒడ్డు లేదు. గోరకల్లు జలాశయం చూసిన వాళ్లు కూడా ఇంత నీళ్లను ఊహించలేరు. నీళ్లకూ ఆకాశానికీ నడుమ ఒక గీత, అంతే. పెద్దామె ఎవరైనా ఉంటే చేతులు జోడిస్తుంది. చిన్నవాళ్లు చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని పరుగెత్తుతారు. అల వచ్చి కాళ్లు తడుపుతుంది. వెనక్కి పోయేటప్పుడు కాళ్ల కింద ఇసుకను లాగేస్తుంది. ఆ లాగడమే ప్రమాదం. మోకాలి లోతు దాటి పోకూడదు. ఈత వచ్చిన వాళ్లు కూడా పోకూడదు. చెరువు ఈత వేరు, సముద్రం వేరు.

మధ్యాహ్నం నుంచి సముద్రం మీది నుంచి గాలి వీస్తుంది. ఎండకు నేల త్వరగా కాగుతుంది. నీళ్లు నిదానంగా కాగుతాయి. నేల మీది వేడిగాలి పైకి లేస్తే, ఆ చోటుకు నీళ్ల మీది చల్లగాలి వస్తుంది. పాణ్యంలో వడగాడ్పు కొట్టే వేళకు ఇక్కడ చీరకొంగు ఎగురుతుంది.

వేసవిలో పోయిన వాళ్లకు బోట్లు ఒడ్డునే కనబడతాయి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్ల చేపల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం అది. ఆ రెండు నెలలు మగవాళ్లు వలలు బాగు చేసుకుంటారు, బోట్లకు రంగు వేసుకుంటారు. ఆడవాళ్లకు కష్టం. చేప లేకపోతే గంప ఖాళీ. ఎండుచేపలు దాచుకున్న వాళ్లు అవి అమ్ముకుంటారు. వాళ్లతో మాట్లాడాలి. "అక్కా, మాది నంద్యాల వైపు" అంటే చాలు, "మీ ఊళ్లో సముద్రం లేదంట కదా, చేపలెట్టా తింటారు?" అని వాళ్లే అడుగుతారు. చెరువు చేపకూ సముద్రపు చేపకూ రుచిలో తేడా ఏమిటో ఒక గంటసేపు చెప్పగలరు.

ఆ తీరంలో ఉప్పు మడులు కూడా ఉన్నాయి. సముద్రపు నీటిని చిన్న చిన్న మడుల్లోకి పెడతారు. ఎండకు నీరు ఆవిరవుతుంది. ఉప్పు మిగులుతుంది. దాన్ని గోకి కుప్పలు పోస్తారు. ఎంత ఎండ కాస్తే అంత ఉప్పు. పాణ్యంలో ఎండను తిట్టుకుంటారు. ఇక్కడ ఎండే కూడు పెడుతుంది. అకాల వాన ఒక్కటి పడితే మడిలోని ఉప్పంతా కరిగిపోతుంది. ఆ మడుల్లో పాదాలు ఎర్రబారి పగిలిన ఆడవాళ్లు కనబడతారు. రైతు పాదం ఎక్కడైనా ఒకటే అనిపిస్తుంది.

ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ కూడా ఇదే సముద్రంలో కలుస్తుంది. కొండల్లో పుట్టిన చిన్న వాగు కంభంలో చెరువు నింపి, ఎన్నో పొలాలు తడిపి, మిగిలిన నీటితో ఇక్కడికి చేరుతుంది. కొన్ని ఏళ్లు చేరేది కొద్దిగానే. ఎండిన ఏడాది ఇసుకే మిగులుతుంది.

తిరిగి వచ్చేటప్పుడు ఖాళీ నీళ్ల సీసా ఒకటి సముద్రపు నీటితో నింపుకుని తేవాలి. పాణ్యంలో ఇంటి మిద్దె మీద వెడల్పాటి స్టీలు పళ్లెంలో కొంచెం కొంచెంగా పోసి ఎండబెట్టాలి. కాకులు రాకుండా పైన పలచటి గుడ్డ కట్టాలి. రెండు మూడు రోజుల్లో అడుగున తెల్లటి పొర కడుతుంది. ఒక లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. అది కూరలో వేసుకోవడానికి కాదు. పిల్లలు వేలితో అంటుకుని నాలుక మీద పెట్టుకుని చూస్తారు. "సముద్రంలో ఏముంది?" అని అడిగిన మగడు కూడా వచ్చి చూస్తాడు.